1400 కుట్ల సూపర్ హీరో

బ్యాంకు ఉద్యోగుల ఇళ్లలో లెక్క అనే మాట కొత్తది కాదు. క్యాష్ టాలీ కాకపోతే అమ్మో నాన్నో ఆలస్యంగా వస్తారని మన పిల్లలకు కూడా తెలుసు. అందుకే ఈసారి పూర్తిగా లెక్క మీద నడిచే ఒక చేతిపనిని మీకు పరిచయం చేస్తున్నాను. దాని పేరు అమిగురుమి. ఇది జపనీస్ మాట. 'అమి' అంటే అల్లిక, 'నుయిగురుమి' అంటే లోపల దూది కూరిన బొమ్మ. రెండూ కలిసి అమిగురుమి అయింది. ఒక కొక్కెం సూది, కొంచెం దారం ఉంటే చాలు, అరచేతిలో పట్టే బొమ్మ తయారవుతుంది. బదిలీ ఆర్డర్ వచ్చిందంటే సామానంతా ఒక చిన్న సంచిలో సర్దేయవచ్చు. మనలాంటి వాళ్లకు అదీ ఒక సౌకర్యమే.

మా అత్తగారిది నర్సాపురం పక్క ఊరు. ఆమె చేతిలో లేసు సూది చూడని రోజు నాకు గుర్తు లేదు. క్రోషే నేర్చుకున్నది ఆమె దగ్గరే. నాలుగో తరగతి చదువుతున్న మా అబ్బాయి సూపర్ హీరో బొమ్మ కావాలన్నప్పుడు మేమిద్దరం కలిసి వేసిన కొలతలే ఇక్కడ ఇస్తున్నాను.

సూపర్ హీరోనే ఎందుకు?

అమిగురుమిలో కళ్లు, ముక్కు, పెదవులు వివరంగా తీర్చడం కష్టం. ముఖం గుండ్రంగా బంతిలా వస్తుంది. సూపర్ హీరోని మనం గుర్తుపట్టేది ముఖంతో కాదు. ముసుగు, వెనక ఎగిరే కేప్, ఛాతీ మీద గుర్తు, రెండు మూడు గాఢమైన రంగులు ఉంటే సరిపోతుంది. 1938లో సూపర్‌మ్యాన్ కామిక్ పుస్తకంలోకి వచ్చినప్పటి నుంచీ ఈ వేషం పెద్దగా మారలేదు. మొదటిసారి సూది పట్టిన వాళ్లు అల్లినా 'ఇది హీరో' అని పిల్లలు వెంటనే గుర్తుపడతారు.

ఒక సలహా. సినిమా హీరోని అనుకరించే బదులు ఇంటి హీరోని సృష్టించండి. రంగులు పిల్లల్నే ఎంచుకోమనండి. మావాడు ఆకుపచ్చ దుస్తులు, పసుపు కేప్, తన పేరులోని మొదటి అక్షరం 'ర' కావాలన్నాడు.

ఏమేం కావాలి?

నాలుగైదు రంగుల కాటన్ దారం. అన్నీ కలిపి 50 గ్రాముల లోపే సరిపోతుంది. 2.5 మిల్లీమీటర్ల క్రోషే సూది. పాలిస్టర్ దూది. బూరుగుదూది వద్దు, బొమ్మను ఉతికితే ఉండలు కడుతుంది. పెద్ద బెజ్జం ఉన్న కుట్టుసూది, కత్తెర, ఒక పిన్నీసు. పిన్నీసు చిన్న వస్తువే గానీ మన లెడ్జర్‌లో గుర్తు లాంటిది. ప్రతి చుట్టు మొదటి కుట్టుకు దాన్ని తగిలిస్తే ఎక్కడ మొదలుపెట్టామో తెలుస్తుంది. అమిగురుమిని చుట్టు చుట్టుకీ ముగించకుండా స్ప్రింగులా అల్లుకుంటూ పోతాం. పిన్నీసు లేకపోతే లెక్క చేజారుతుంది.

దారం చుట్ట మీద రాసిన సూది కంటే ఒక సైజు చిన్నది వాడడం మంచిది. లేసులో ఖాళీలే అందం. ఇక్కడ ఖాళీ ఉండకూడదు, ఉంటే లోపలి దూది బయటికి కనిపిస్తుంది.

ఒకే కుట్టు, ఒకే సూత్రం

బొమ్మ మొత్తానికి వాడేది సింగిల్ క్రోషే అనే ఒక్క కుట్టే. కింది చుట్టులోని కుట్టులోకి సూది దూర్చి దారం లాగితే సూది మీద రెండు లూపులు ఉంటాయి. మళ్లీ దారం చుట్టి ఆ రెండింటిలోంచీ లాగితే ఒక కుట్టు పూర్తయినట్టు. అమెరికా పుస్తకాల్లో దీన్ని సింగిల్ అంటారు, బ్రిటిష్ పుస్తకాల్లో డబుల్ అంటారు. బయటి నమూనా ఏదైనా చూసి అల్లేటప్పుడు ముందు ఆ సంగతి తేల్చుకోండి.

ఒకే కుట్టులో రెండు కుట్లు వేస్తే 'పెంచడం'. రెండు కుట్లను కలిపి ఒకటిగా వేస్తే 'తగ్గించడం'. తగ్గించేటప్పుడు రెండు కుట్ల ముందువైపు పోగుల్లోంచి మాత్రమే సూది పోనిస్తే కలిపిన చోటు కనిపించదు.

ఎక్కడ చూసినా ఆరు కుట్లతో మొదలుపెట్టి, చుట్టుకి ఆరు చొప్పున పెంచమంటారు. ఆరే ఎందుకని మా అబ్బాయి అడిగాడు. ఈ కుట్టు ఎత్తు, వెడల్పు దాదాపు సమానం. ఒక చుట్టు అల్లితే వృత్తం వ్యాసార్ధం ఒక కుట్టు మేర పెరుగుతుంది. వ్యాసార్ధం ఒకటి పెరిగితే చుట్టుకొలత 2 × 3.14, అంటే సుమారు 6.28 పెరగాలి. కుట్టును ముక్కలు చేయలేం కాబట్టి ఆరు. అంతకంటే తక్కువ పెంచితే గిన్నెలా ముడుచుకుంటుంది, ఎక్కువ పెంచితే అంచు అలలు తిరుగుతుంది. హైస్కూలు పిల్లలకు పాఠ్యపుస్తకం మూసి ఇది చూపించండి.

తల

వేలి చుట్టూ దారం చుట్టి బిగించగలిగే ఉచ్చు వేయాలి. దీన్ని మేజిక్ రింగ్ అంటారు. అందులో 6 కుట్లు వేసి బిగించండి. తర్వాత చుట్టు చుట్టుకీ 12, 18, 24, 30, 36 వచ్చేలా ఆరేసి పెంచండి. అంటే 2వ చుట్టులో ప్రతి కుట్టులో పెంచడం, 3వ చుట్టులో ఒకటి విడిచి ఒకటి, 4వ చుట్టులో రెండు విడిచి ఒకటి, ఇలా.

7 నుంచి 12వ చుట్టు వరకు పెంచకుండా, తగ్గించకుండా 36 కుట్లే. మొదటి 8 చుట్లు నల్ల దారంతో వేస్తే అదే జుట్టు. 9వ చుట్టు నుంచి చర్మం రంగు. రంగు మార్చేటప్పుడు పాత రంగు చివరి కుట్టులో ఆఖరి లాగుడు కొత్త దారంతో లాగాలి. అప్పుడు గీత శుభ్రంగా వస్తుంది.

13 నుంచి 16వ చుట్టు వరకు ఆరేసి తగ్గిస్తూ 30, 24, 18, 12కి రండి. ఇక్కడ ఆగి తలలో దూది గట్టిగా కూరండి. చిన్న చిన్న ముద్దలుగా కూరితే గతుకులు రావు.

ఒళ్లు, కాళ్లు

దారం తెంపకుండా 17వ చుట్టు 12 కుట్లతో మెడ. 18వ చుట్టు నుంచి చొక్కా రంగు: 18 కుట్లు, తర్వాత 24. ఆపై 20 నుంచి 25 వరకు 24 కుట్లే. 26, 27 చుట్లు హీరోల ట్రేడ్‌మార్క్ నిక్కరు కోసం వేరే రంగులో, 24 చొప్పున. ఇప్పుడు దూది కూరండి. మెడ దగ్గర తక్కువైతే తల వాలిపోతుంది, అక్కడ ఇంకొంచెం దట్టించండి.

కాళ్లకు 24 కుట్లను సగం చేయాలి. 12 కుట్లు అల్లి, మిగతా 12ని వదిలేసి, అల్లిన వాటిలో మొదటి కుట్టులోకి వచ్చేస్తే చిన్న గొట్టం ఏర్పడుతుంది. ఆ 12 మీద మొత్తం 8 చుట్లు ప్యాంటు రంగు, 3 చుట్లు బూట్ల రంగు. దూది కూరి, చివరి చుట్టులో రెండేసి కుట్లు కలిపి 6కి తెచ్చి మూసేయండి. వదిలేసిన 12 కుట్ల దగ్గర కొత్త దారం కలిపి రెండో కాలు కూడా ఇలాగే. మధ్యలో మిగిలే చిన్న సందును దారం కొసతో కుట్టేస్తే సరి.

చేతులు, ముసుగు, కేప్

చేతికి రింగులో 6 కుట్లు, తర్వాతి చుట్టులో ఒకటి విడిచి ఒకటి పెంచి 9, మరో 2 చుట్లు 9. ఇంతవరకు గ్లవ్స్ రంగు. తర్వాత 7 చుట్లు చొక్కా రంగులో 9 చొప్పున. అరచేతి వరకే కొంచెం దూది పెట్టి, పై భాగం చదునుగా నొక్కి భుజానికి కుట్టండి. ఇలాంటివి రెండు.

ముసుగుకి 37 గొలుసు కుట్లు వేసి, సూది నుంచి రెండో దానితో మొదలుపెట్టి 36 కుట్లు, తిరిగి వచ్చి ఇంకో వరుస 36. ఈ పట్టీని జుట్టు కిందుగా తల చుట్టూ తిప్పి వెనక కుట్టేయాలి. దాని మీద తెల్ల దారంతో కళ్లు.

కేప్‌కి 13 గొలుసు కుట్లు వేసి, వాటి మీద 12 కుట్లతో మొదలుపెట్టి మొత్తం 12 వరుసలు. 3, 6, 9, 12 వరుసల్లో రెండు చివర్లలోనూ ఒక్కొక్కటి పెంచితే 14, 16, 18, 20 అయి కింద వెడల్పవుతుంది. భుజాలకు కుట్టేయండి. ఛాతీ మీద అక్షరానికి ఎంబ్రాయిడరీ గొలుసు కుట్టు వేయండి. వంపులు తిరిగే మన అక్షరాలకు అది బాగా నప్పుతుంది.

మూడేళ్ల లోపు పిల్లలున్న ఇళ్లలో ప్లాస్టిక్ కళ్లు, పూసలు, బొత్తాలు వద్దు. ఊడితే నేరుగా నోట్లోకే పోతాయి. దారంతో కుట్టిన కళ్లే క్షేమం. కేప్‌కు పొడవాటి తాళ్లు కూడా వద్దు.

ఇక అసలు లెక్క

గొలుసు కుట్లు, ఎంబ్రాయిడరీ వదిలేసి కూడితే: తల 426, మెడ, ఒళ్లు, నిక్కరు కలిపి 246, కాళ్లు 276, చేతులు 192, ముసుగు 72, కేప్ 188. మొత్తం 1400.

కొంచెం అలవాటైన చేతికి కుట్టుకి 12 సెకన్లు అనుకుందాం. 16,800 సెకన్లు, అంటే 4 గంటల 40 నిమిషాలు. దూది కూరడం, అతకడం, ముఖం దిద్దడం, దారాల కొసలు దాచడం కలిపి మరో గంటా ఇరవై నిమిషాలు. ఆరు గంటల పని. గంటకు 80 రూపాయలే వేసుకున్నా 480. దారం, దూదికి 120 అనుకుంటే 600 రూపాయలు. 'అంతా? బజార్లో 200కే దొరుకుతుంది కదా' అంటారు. అల్లిక యంత్రాలు చాలా ఉన్నాయి. కానీ ఈ కొక్కెం కుట్టును ఫ్యాక్టరీలో పెద్ద ఎత్తున వేసే యంత్రం వాడుకలో లేదు. కాబట్టి ఆ 200 రూపాయల క్రోషే బొమ్మ కూడా ఎవరో ఒకరు కూర్చుని కుట్టు కుట్టూ లెక్కపెట్టి అల్లినదే. తగ్గినదేదో ఆ చేతికి అందాల్సిన దానిలోనే తగ్గింది.

గోదావరి జిల్లాలకు ఇది పాత సంగతి. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చిన లేసు అల్లిక నర్సాపురం చుట్టుపక్కల వేల ఇళ్లకు పాకి విదేశీ మార్కెట్లకు వెళ్లింది. ఆ మహిళల మీద జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ రాసిన 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' 1982లో వచ్చింది. ప్రపంచ మార్కెట్‌కు సరుకు తయారుచేస్తున్నా వాళ్లను గృహిణులుగానే, వాళ్ల పనిని తీరిక వేళల కాలక్షేపంగానే లెక్కగట్టడం వల్ల కూలి అట్టడుగున ఉండిపోయిందని ఆమె చూపించారు. నర్సాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరుకు గౌరవం దక్కింది. గంటకు ఎంత అన్న ప్రశ్న ఇంకా అలాగే ఉంది.

గ్రామీణ శాఖలో పనిచేసినప్పుడు ముద్రా శిశు రుణానికి, అంటే 50,000 రూపాయల లోపు అప్పుకి, అల్లిక పని చేసే ఒకావిడ వచ్చింది. దారం ఖర్చు, ఆటో ఖర్చు పైసలతో సహా చెప్పింది. కూలి కింద ఎంత వేయమంటావమ్మా అంటే, "నా పనికి డబ్బులేంటి మేడమ్, వంటయ్యాక ఖాళీగా ఉన్నప్పుడు అల్లేదే కదా" అంది. ఇంటికొచ్చి ఈ మాట చెబితే మా అత్తగారు సూది ఆపకుండానే, "ఖాళీగా ఉంటే నడుం వాల్చేదాన్ని కదమ్మాయీ" అన్నారు. ప్రాజెక్టు రిపోర్టు గురించి ఇంతకంటే సూటిగా నాకు మేనేజ్‌మెంట్ క్లాసులో ఎవరూ చెప్పలేదు. కూలి గడిలో సున్నా ఉంటే లాభం కాగితం మీద బాగా కనిపిస్తుంది. కానీ ఆర్డర్లు పెరిగి సహాయానికి మనిషిని పెట్టుకున్న రోజున ఆ లాభం ఉండదు, కిస్తీ మాత్రం ఉంటుంది. ఆ రోజు ఆమెతో కూర్చుని ఒక్కో వస్తువుకి ఎన్ని గంటలు పడుతుందో రాయించి, ధరలు మళ్లీ వేశాం.

అమ్మాలనుకుంటే

మన కుటుంబాల్లో కొందరు ఇప్పటికే బొమ్మలు చేసి అమ్ముతున్నారు. వాళ్లకు రెండు మాటలు. ప్రసిద్ధ సినిమా, కామిక్ పాత్రలకు హక్కుదారులుంటారు. అనుమతి లేకుండా వాటిని అమ్మకానికి పెడితే చిక్కులు రావచ్చు. సొంత హీరో అయితే ఆ బెంగ లేదు. రెండోది, 14 ఏళ్ల లోపు పిల్లల ఆటబొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ వద్ద నమోదైన కళాకారులు తయారుచేసి అమ్మే బొమ్మలకు మినహాయింపు ఉంది. కాబట్టి అమ్మకం మొదలుపెట్టే ముందే నమోదు సంగతి చూసుకోండి.

అమ్మకపోయినా, ఎవరికైనా కానుకగా ఇచ్చినా, బొమ్మకు చిన్న చీటీ కట్టి దాని మీద రెండు అంకెలు రాయండి: 1400 కుట్లు, 6 గంటలు. ఇంట్లో పిల్లలకు ఆ అంకెలు వాళ్ల చేతే కూడించండి. మొదటి బొమ్మకు ఆరు గంటలు సరిపోవు, రెండు మూడు ఆదివారాలు పడతాయి. తల పూర్తయ్యేసరికి చెయ్యి కుదురుతుంది. మీ హీరో ఛాతీ మీద ఏ అక్షరం వేశారో ఫొటోతో సహా మన పత్రికకు పంపండి.