తీగ తెగితే లెక్క తప్పుతుందా?

పిల్లలూ! నార్కట్‌పల్లి నుంచి హైదరాబాదుకు బస్సులో వెళ్ళేటప్పుడు రోడ్డు పక్కన చూస్తూ ఉండండి. ఇక్కడ కేబుల్ ఉన్నదని తెలిపే చిన్న చిన్న స్తంభాలు కనిపిస్తాయి. ఆ కేబుల్ లోపల వెంట్రుక వంటి గాజు తీగలుంటాయి. మీ ఇంటివాళ్ళ బ్యాంకు లెక్కలు ఇలాంటి తీగల్లోనే కాంతి రూపంలో పరుగెడుతుంటాయి.

బ్యాంకు తన లెక్కలను ఒకే ఊళ్ళో దాచదు. అక్కడ మంటలు లేస్తే? వరద వస్తే? అందుకని మరో ఊళ్ళో ఇంకో డిస్కు పెట్టి, మొదటిదానిలో రాసిన ప్రతి అంకెనూ వెంటనే రెండోదానికి పంపుతుంది. ఈ రెంటినీ కలిపి 'జంట' అంటారు.

గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. మన ఊరి నుంచి హైదరాబాదు సుమారు 85 కిలోమీటర్లు. కబురు వెళ్ళి జవాబు రావడానికి సెకనులో వెయ్యో వంతు కూడా పట్టదు. జవాబు వచ్చేదాకా ఆగి పని చేసుకోవచ్చు. అదే 1,500 కిలోమీటర్ల తీగ అయితే 15 వంతులు కావాలి. లక్షల లావాదేవీలకు అది ఆలస్యమే. అందుచేత దూరపు జంటల్లో జవాబు కోసం ఆగరు; రెండో డిస్కు ఒక అడుగు వెనక నడుస్తుంది.

సరే, తీగ తెగితే?

మీ దగ్గరొక నోటుపుస్తకం, నల్లగొండలోని స్నేహితుని దగ్గర దాని నకలు ఉన్నాయనుకుందాం. మీరు ఫోనులో చెబుతుంటే అతను రాసుకుంటున్నాడు. ఫోను కట్ అయింది. మీరు రాయడం మానరు గదా! ఏ పేజీ మారిందో ఆ పేజీ నంబరుకు టిక్కు పెట్టుకుంటారు. ఫోను కలిశాక టిక్కు పెట్టిన పేజీలే చెబితే చాలు. డిస్కులూ ఇదే చేస్తాయి. ఈ స్థితిలోని జంటను 'సస్పెండ్' అయిన జంట అంటారు. ఒక టెరాబైటు డిస్కును 64 కిలోబైట్ల ముక్కలు చేస్తే సుమారు 1 కోటి 67 లక్షల ముక్కలు. ముక్కకొక బిట్ చొప్పున టిక్కుల పట్టికకు 2 మెగాబైట్లు చాలు! ఎంత పొదుపో చూడండి.

కాని ఇక్కడే ఒక చిక్కున్నది. టిక్కు ఏ పేజీ మారిందో చెబుతుంది, ఏది ముందు మారిందో చెప్పదు. 7వ పేజీలో మీ ఖాతా నుంచి 500 రూపాయలు తీశారు, 40వ పేజీలో మీ అమ్మగారి ఖాతాలో వేశారు. 7వ పేజీ చెప్పడం అయింది, 40కి చేరకముందే ఫోను మళ్ళీ పోయింది. ఇప్పుడు స్నేహితుని పుస్తకంలో ఆ 500 ఎక్కడా లేవు! పాత నకలు పాతదైనా లెక్క సరిపోయేది; సగం దిద్దిన నకలు దేనికీ పనికిరాదు. అందుకే తెలిసినవాళ్ళు మళ్ళీ కలిపే ముందు రెండో డిస్కుకు మరో నకలు తీసి పక్కన పెడతారు.

ఒక్కోసారి జంటను కావాలనే విడదీస్తారు. దీన్ని 'స్ప్లిట్' అంటారు. మొదటి కేంద్రం నిజంగా పోతే రెండోది పనిచేస్తుందా అని పరీక్షించడానికి ఇదొక మార్గం. అప్పుడు రెండో డిస్కులోనూ రాయవచ్చు. తిరిగి కలిపేటప్పుడు ఏది ఎటు నకలు కావాలో తప్పు చెప్పారో, ఆ రోజు లెక్కలన్నీ తుడిచిపెట్టుకు పోతాయి.

2021 ఫిబ్రవరి 24న నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజిలో ఏమైందో వినండి. ముంబయిలోని ప్రధాన కేంద్రాన్నీ, దగ్గరలోని రెండో కేంద్రాన్నీ కలిపే తీగలు ఇద్దరు సంస్థలవారివి. దారిలో తవ్వకాలు, కట్టడాల పనుల వల్ల ఇద్దరి తీగలూ దెబ్బతిన్నాయి. తీగ పోతే జంట విడిపోవాలి, మొదటి డిస్కు పని సాగిపోవాలి. అలా కాలేదు. ప్రధాన కేంద్రంలోని నిల్వ యంత్రమే సర్వర్లకు అందకుండా పోయింది. ఉదయం 11.40కి ఆగిన వ్యాపారం మధ్యాహ్నం 3.45కి గాని మొదలు కాలేదు. ఆ రోజు 5 గంటల దాకా నడిపారు.

మీకొక ప్రశ్న. ఫోను లేనప్పుడు మీరు 3, 9 పేజీలు మార్చారు. స్నేహితుడు తన పుస్తకంలో 9, 12 మార్చాడు. మీ పుస్తకమే సరైనదని ఇద్దరూ ఒప్పుకుంటే, మీరు ఎన్ని పేజీలు చెప్పాలి? రెండని తొందరపడకండి. అతని 12వ పేజీని కూడా మీ 12తో దిద్దాలి గదా!