తిమింగలాల పుట్టిల్లు

తిమింగలం చేప కాదని బడిలోనే చదువుకున్నాం. అది ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది, పిల్లను కని పాలు ఇస్తుంది. డాల్ఫిన్లు, పార్పాయిస్‌లు కూడా ఆ వంశానివే. నూరడుగుల నీలి తిమింగలం మొదలు మనిషికన్నా పొట్టిదైన వాకీటా దాకా ఇందులో సుమారు 90 జాతులున్నాయి. మరి నేల మీద తిరిగిన వీటి పూర్వీక జంతువులు నీళ్లలోకి ఎక్కడ దిగాయి? జవాబు మన ఉపఖండపు రాళ్లలో దొరికింది.

జమ్మూ కశ్మీర్‌లోని కాలాకోట్ దగ్గర భూగర్భ శాస్త్రవేత్త ఎ. రంగారావు శిలలు సేకరించారు. వాటిలో దొరికిన పళ్లు, దవడ ముక్కలను బట్టి 1971లో ఒక కొత్త జంతువుకు ఇండోహ్యూస్ అని పేరు పెట్టారు. మిగతా రాళ్లు పగలగొట్టకముందే ఆయన కన్నుమూశారు. ఏళ్ల తర్వాత అవి అమెరికాలో శాస్త్రవేత్త హాన్స్ థెవిసన్ చేతికి చేరాయి. అక్కడ ఒక పుర్రెను శుభ్రం చేస్తుంటే చెవి ఎముక పొరపాటున విరిగింది. చూస్తే దాని లోపలి గోడ బాగా మందంగా ఉంది. తిమింగలాల వంశానికి ఆనవాలు ఆ మందమే! 2007లో ఈ సంగతి ప్రపంచానికి తెలిసింది.

ఇండోహ్యూస్ 4 కోట్ల 80 లక్షల ఏళ్ల కిందటిది. నల్లమలలో తిరిగే మూషిక జింకను తలపించే చిన్న గిట్టల జంతువు. దాని కాళ్ల ఎముకలు నీటిగుర్రానికి ఉన్నట్టే దళసరిగా, బరువుగా ఉండేవి. నీటి అడుగున నిలదొక్కుకోవడానికి ఆ బరువే ఆసరా. ఆఫ్రికాలో ఒక రకం మూషిక జింక ఇప్పటికీ గద్దను చూస్తే నీళ్లలో దూకి దాక్కుంటుంది. ఇండోహ్యూస్ కూడా ప్రాణభయంతోనే నీటిని ఆశ్రయించి ఉంటుందని థెవిసన్ ఊహ. నాకూ అది సబబుగానే తోస్తుంది.

అప్పట్లో మన భూభాగానికీ ఆసియాకూ మధ్య టెథిస్ అనే వెచ్చని సముద్రం ఉండేది. దాని ఒడ్డున బతికిన తొలి తిమింగలాల శిలాజాలు పాకిస్తాన్‌లో, హిమాచల్‌లో, కచ్‌లో బయటపడ్డాయి. వాటిలో ఒకటైన పాకిసీటస్‌కు నాలుగు కాళ్లున్నాయి. తర్వాతి వాటిలో వెనక కాళ్లు క్రమంగా చిన్నవై, చివరికి మాయమయ్యాయి. నేటి తిమింగలాల కండరాల్లో కటి ఎముకల ముక్కలు మాత్రం మిగిలాయి. చేప తోకను పక్కలకు ఆడిస్తే తిమింగలం పైకీ కిందికీ ఆడిస్తుంది. నేల మీద పరుగెత్తినప్పుడు వంగిన వెన్నెముక వారసత్వమది. డీఎన్‌ఏ ప్రకారం, బతికున్న జంతువుల్లో వీటికి దగ్గరి చుట్టం నీటిగుర్రమే.

పిల్లలకు డైనోసార్ల కథలు చెప్పే పెద్దలు, ఉపాధ్యాయులు కాలాకోట్ రాళ్ల గురించి, వాటిని ఏరి దాచిన రంగారావు గురించి కూడా తప్పక చెప్పాలి.