చెకిన్ బ్యాగులో ల్యాప్‌టాప్, పవర్ బ్యాంక్ పెట్టారా? కట్టిన తాడు మళ్లీ విప్పాల్సిందే.. అసలు కారణం ఇదీ!

ఖాజీపేట: చెన్నై ఎయిర్‌పోర్టులో కువైట్ ఫ్లైట్ చెకిన్ క్యూ దగ్గర కాసేపు నిలబడండి. అట్టపెట్టెకు నాలుగు వైపులా తాడు బిగించి, పైన మార్కర్‌తో పేరు, ఊరు రాసుకుని మనోళ్లు వరుసగా నిలబడి ఉంటారు. కౌంటర్‌లో అడిగే ప్రశ్న ఒకటే. "లోపల పవర్ బ్యాంక్, బ్యాటరీ ఏమైనా ఉన్నాయా?" చాలామంది "ఏమీ లేవు" అనేస్తారు. ఎక్స్‌రేలో దొరికాక మళ్లీ పిలుస్తారు. అప్పుడు తాడు కోసి, ఊరగాయ డబ్బాలు, బట్టలు అన్నీ కింద పరిచి పవర్ బ్యాంక్ వెతకాలి. ఫ్లైట్ టైమ్ దగ్గరపడుతుంటుంది, వెనకాల క్యూ విసుక్కుంటుంది.

ఇదంతా ఎయిర్‌పోర్టు వాళ్ల చాదస్తం అనుకుంటాం. కాదు. ఖాజీపేట, మైదుకూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు నుంచి గల్ఫ్‌కో, అమెరికాకో, కనీసం బెంగళూరుకో వెళ్లినవాళ్లు లేని వీధి తక్కువ. ప్రతి ఇంట్లో ఒక ల్యాప్‌టాప్, రెండు పవర్ బ్యాంకులు ఉన్నాయి. కాబట్టి ఈ రూల్ వెనక కథ తెలుసుకోవడం మనకు అవసరమే.

మన జిల్లాలోనే జరిగింది

బ్యాటరీ పేలడం ఎక్కడో విదేశాల్లో జరిగే ముచ్చట కాదు. 2022 ఏప్రిల్‌లో మన కడప జిల్లా బి.కోడూరు మండలంలో వర్క్ ఫ్రమ్ హోమ్ చేస్తున్న ఒక యువ సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని ల్యాప్‌టాప్ ఛార్జింగ్‌లో ఉండగా పేలింది. మంచానికి మంటలు అంటుకుని ఆమె తీవ్రంగా కాలిపోయింది. అదే నెలలో నిజామాబాద్‌లో ఒకరు, విజయవాడలో ఒకరు ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ పేలి చనిపోయారు. ల్యాప్‌టాప్, స్కూటర్, ఫోన్, పవర్ బ్యాంక్.. వస్తువులు వేరు కానీ లోపల ఉన్న సరుకు మాత్రం ఒకటే. లిథియం అయాన్ బ్యాటరీ.

లోపల ఏం జరుగుతుంది?

బ్యాటరీలో ఒక పక్క ప్లస్ పొర, ఇంకో పక్క మైనస్ పొర ఉంటాయి. రెండూ తగలకుండా మధ్యలో పలచటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. దాన్ని సెపరేటర్ అంటారు. చుట్టూ ఉండే ద్రవం తేలిగ్గా మండే రకం. సెపరేటర్ ఎక్కడైనా చిరిగినా, ఎండవేడికో ఓవర్‌ఛార్జింగ్‌కో కరిగినా రెండు పొరలూ తగులుకుంటాయి. లోపలే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. వేడి పుడుతుంది, ఆ వేడికి రసాయన చర్య ఇంకా వేగం అందుకుంటుంది, దాంతో ఇంకా వేడి. దీన్నే థర్మల్ రన్‌అవే అంటున్నారు. ఒక సెల్ అంటుకుంటే పక్క సెల్‌ను అంటిస్తుంది. ల్యాప్‌టాప్ బ్యాటరీలో ఇలాంటి సెల్స్ మూడు నుంచి ఆరు దాకా ఉంటాయి.

అసలు చిక్కు ఇంకోటి ఉంది. గడ్డివామి అంటుకుంటే గోనెసంచి కప్పి గాలి ఆపొచ్చు. ఈ బ్యాటరీ దగ్గర ఆ ఉపాయం పనిచేయదు. వేడెక్కినప్పుడు ప్లస్ పొరలోంచే ఆక్సిజన్ బయటికొస్తుంది. మంట ఆరినట్టే ఆరి, లోపల వేడి అలాగే ఉంటే మళ్లీ రాజుకుంటుంది. అందుకే విమాన సిబ్బందికి ఇచ్చే ట్రైనింగ్‌లో ముందు హాలన్ ఎక్స్‌టింగ్విషర్‌తో మంట ఆర్పడం, ఆ వెంటనే నీళ్లు పోస్తూనే ఉండి బ్యాటరీని చల్లార్చడం నేర్పిస్తారు.

మన కళ్లెదుట ఉంటేనే సేఫ్

ఇప్పుడు అందరికీ వచ్చే డౌట్. ఇంత ప్రమాదమైతే ప్రయాణికులకు దూరంగా, కింద లగేజీలో పడేయొచ్చు కదా? మన పక్కనే ఎందుకు పెట్టుకోమంటున్నారు?

పక్కన ఉంటే పొగ వచ్చిన వెంటనే ఎవరో ఒకరు చూస్తారు, సిబ్బంది పరిగెత్తుకొస్తారు. కింద కార్గోలో అయితే చూసేవాళ్లు ఎవరూ ఉండరు. అక్కడ హాలన్ గ్యాస్ దానంతట అది వదిలే ఏర్పాటు ఉంటుంది కానీ అది మంటను అణుస్తుందే తప్ప బ్యాటరీని చల్లార్చదు. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ 2017లో దీని మీద టెస్టులు చేసింది. సూట్‌కేస్‌లో బట్టల మధ్య ల్యాప్‌టాప్, దాని పక్కన డ్రై షాంపూ స్ప్రే డబ్బా పెట్టి బ్యాటరీని వేడి చేశారు. 40 సెకన్లలోపే డబ్బా పేలిపోయింది. మంట ఎంత వేగంగా పెరిగిందంటే, హాలన్ అందుకునేలోపే పరిస్థితి చేయి దాటిపోతుందని తేల్చారు. మన సూట్‌కేసుల్లో డియోడరెంట్ స్ప్రే, పక్కనే ల్యాప్‌టాప్.. ఈ కాంబినేషన్ ఎన్నిసార్లు సర్దామో ఒకసారి గుర్తుచేసుకోండి.

2010 సెప్టెంబర్ 3న దుబాయ్‌లో యూపీఎస్ కార్గో విమానం కూలి ఇద్దరు పైలట్లూ చనిపోయారు. అందులో వేల సంఖ్యలో లిథియం బ్యాటరీలు ఉన్నాయి, కార్గోలో మంటలు లేచి పొగ కాక్‌పిట్‌ను కమ్మేసింది. ఆ తర్వాత రూల్స్ మెల్లగా బిగుస్తూ వచ్చాయి. 2016 ఏప్రిల్ 1 నుంచి ప్రయాణికుల విమానాల్లో విడి లిథియం అయాన్ బ్యాటరీలను కార్గో సరుకుగా పంపడంపైనే అంతర్జాతీయ నిషేధం వచ్చింది.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పుకోవాలి. 2017 మార్చిలో అమెరికా ఉల్టా రూల్ తెచ్చింది. దుబాయ్, అబుదాబి, దోహా, కువైట్ సహా పది ఎయిర్‌పోర్టుల నుంచి వచ్చే విమానాల్లో ఫోన్ కంటే పెద్ద ఎలక్ట్రానిక్ వస్తువేదీ క్యాబిన్‌లోకి తేకూడదంది. ల్యాప్‌టాప్‌లో బాంబు దాచి తెస్తారన్న భయం. హైదరాబాద్ నుంచి గల్ఫ్ మీదుగా అమెరికా వెళ్లే మన స్టూడెంట్లు, టెకీలు ల్యాప్‌టాప్‌లు కింద లగేజీలో వేయాల్సి వచ్చింది. బాంబు భయంతో చేసిన పని నిప్పు భయాన్ని పెంచిందని నిపుణులు అప్పుడే మొత్తుకున్నారు. జులైకి ఆ నిషేధం ఎత్తేశారు.

మరి ఇప్పుడు రూల్ ఏంటి?

పవర్ బ్యాంకు, విడి బ్యాటరీ.. ఈ రెండూ చెకిన్ బ్యాగులో అస్సలు కుదరవు, క్యాబిన్‌లోనే తీసుకెళ్లాలి. ల్యాప్‌టాప్ కూడా చేతిసంచిలోనే పెట్టుకోమంటారు. తప్పనిసరై చెకిన్‌లో వేస్తే పూర్తిగా షట్‌డౌన్ చేసి, దెబ్బ తగలకుండా సర్దాలి. మూత మూసేసి స్లీప్ మోడ్‌లో వదిలేస్తే కుదరదు, అది లోపల వేడెక్కుతూనే ఉంటుంది.

సైజు లెక్క వాట్-అవర్లలో ఉంటుంది. వంద వాట్-అవర్ల దాకా మామూలుగా తీసుకెళ్లొచ్చు. వంద నుంచి 160 మధ్య అయితే ఎయిర్‌లైన్ పర్మిషన్ కావాలి. 160 దాటితే నో ఎంట్రీ. పవర్ బ్యాంక్ మీద ఎంఏహెచ్ మాత్రమే ఉంటే భయపడొద్దు. దాన్ని వెయ్యితో భాగించి 3.7తో గుణించండి. పది వేలది 37 వాట్-అవర్లు, ఇరవై వేలది 74. ముప్పై వేలది 111, అంటే పర్మిషన్ అడగాల్సిందే. సంతలో చవగ్గా దొరికే యాభై వేల ఎంఏహెచ్ పవర్ బ్యాంక్, దాని మీద రాసింది నిజమే అయితే 185. దాన్ని ఇంట్లోనే వదిలేయండి. అంకెలు చెరిగిపోయిన పవర్ బ్యాంక్‌తోనూ సెక్యూరిటీ దగ్గర తలనొప్పే.

తీసుకెళ్లినంత మాత్రాన వాడొచ్చని కాదు. 2025 జనవరి 28న దక్షిణ కొరియాలోని బుసాన్ దగ్గర టేకాఫ్‌కు ముందే ఎయిర్ బుసాన్ విమానం తగలబడింది. 176 మందినీ బయటికి తెచ్చారు కానీ విమానం పైకప్పు కాలిపోయింది. పైన లగేజీ అరలో పెట్టిన పవర్ బ్యాంక్ మీదే అనుమానం. అదే ఏడాది అక్టోబర్ 19న ఢిల్లీలో దిమాపూర్ బయల్దేరిన ఇండిగో విమానంలో సీటు వెనక పాకెట్‌లో పవర్ బ్యాంక్ అంటుకుంది. సిబ్బంది క్షణాల్లో ఆర్పేశారు, ఎవరికీ ఏమీ కాలేదు. క్యాబిన్‌లో ఉండటం వల్ల లాభం ఏంటో దీన్ని చూస్తే తెలుస్తుంది. ఎమిరేట్స్ అయితే 2025 అక్టోబర్ 1 నుంచి విమానంలో పవర్ బ్యాంక్ వాడకాన్నే ఆపేసింది, మనిషికి ఒక్కటే అనుమతి. మన డీజీసీఏ కూడా నవంబర్‌లో ఇదే దారిలో సర్క్యులర్ ఇచ్చింది. పవర్ బ్యాంక్‌తో ఫోన్ ఛార్జ్ చేయొద్దు, పైన అరలో పెట్టొద్దు.

కడప నుంచి ఎక్కేవాళ్లు ఒక్క మాట గుర్తుంచుకోండి. ఏటీఆర్ లాంటి చిన్న విమానాల్లో పైన అరలు ఇరుకు. మెట్ల దగ్గరే మీ చేతిసంచి తీసుకుని కింద లగేజీలో వేస్తారు. ఆ తొందరలో లోపలున్న పవర్ బ్యాంక్ ఎవరికీ గుర్తుండదు. సంచి ఇచ్చే ముందే దాన్ని తీసి జేబులో వేసుకోండి. ఇంకోటి, ఫోన్ సీటు సందులో పడితే సీటు ముందుకీ వెనక్కీ జరపొద్దు, ఫోన్ నలిగి బ్యాటరీ చిట్లుతుంది. సిబ్బందిని పిలవండి.

కొన్నిసార్లు కంపెనీలే తప్పు ఒప్పుకుంటాయి. 2015 సెప్టెంబర్ నుంచి 2017 ఫిబ్రవరి మధ్య అమ్మిన కొన్ని 15 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రో మోడళ్లను బ్యాటరీ వేడెక్కుతోందని ఆపిల్ 2019లో వెనక్కి పిలిచింది. బ్యాటరీ మార్పించేదాకా వాటిని విమానంలోకి తేవద్దని డీజీసీఏ అప్పట్లో చెప్పింది. సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనేవాళ్లు ఆ మోడల్ అయితే సీరియల్ నంబర్ చెక్ చేసుకోవాలి.

విమానానికి సరే.. బస్సుకు?

2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో హైదరాబాద్–బెంగళూరు ప్రైవేటు బస్సు కాలిపోయింది. 19 మంది ప్రయాణికులు సజీవ దహనమయ్యారు. రోడ్డు మీద పడి ఉన్న బైకును బస్సు ఈడ్చుకెళ్లడంతో మంటలు మొదలయ్యాయి. అయితే బస్సులో పార్శిల్‌గా వెళ్తున్న 234 స్మార్ట్‌ఫోన్ల బ్యాటరీలు పేలడం వల్ల మంట అంత భయంకరంగా మారిందని ఫోరెన్సిక్ నిపుణులు ప్రాథమికంగా చెప్పారు. ఒక్క పవర్ బ్యాంక్ కోసం సూట్‌కేస్ తాడు కోయించే దేశంలోనే, రాత్రి స్లీపర్ బస్సులో నిద్రపోతున్న జనం కింద వందల ఫోన్లు పార్శిల్‌గా వెళ్లిపోతున్నాయి. అడిగేవాళ్లు ఎవరు?

ఇంటి దగ్గర చూసుకోవాల్సింది పెద్దగా ఏం లేదు, కానీ అదే మనం చేయం. పరుపు మీద, దిండు మీద ల్యాప్‌టాప్ పెట్టి ఛార్జింగ్ పెడితే కింద గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. మన ఎండాకాలం సంగతి వేరే చెప్పాలా? మే నెలలో ఎండలో ఆపిన కారులో ల్యాప్‌టాప్ వదిలి పెళ్లికి వెళ్లడం అసలే వద్దు. ఛార్జర్ పోతే అదే వోల్టేజీ, మంచి కంపెనీది కొనండి. టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినా, టేబుల్ మీద పెడితే ల్యాప్‌టాప్ ఊగుతున్నా, మూత సరిగా పడకపోయినా బ్యాటరీ వాచిందని అర్థం. దాన్ని ఛార్జింగ్ పెట్టొద్దు, సూదితో గుచ్చి గాలి తీద్దామని అస్సలు చూడొద్దు. విమానంలోకి కూడా అలాంటి బ్యాటరీని రానివ్వరు. షాపులో తీయించిన పాత బ్యాటరీని చెత్తబండిలో వేయకుండా, రెండు కొనలకూ టేపు అంటించి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకే ఇవ్వండి.