పాత ట్రాక్టర్ హీటెక్కుతోందా? ఇంజను విప్పించే ముందు ఇవి చూడండి

దమ్ముల రోజుల్లో ట్రాక్టరుకు తీరిక ఉండదు. సరిగ్గా అప్పుడే మడిలో నాలుగు చుట్లు తిరక్కముందే హీటు ముల్లు ఎర్రగీత దాటుతుంది, రేడియేటర్ బుసబుసమని ఆవిరి కక్కుతుంది. గట్టుమీద ఎవరో ఒకరు "ఇంజను అయిపోయింది, విప్పాల్సిందే" అనేస్తారు. ఆ మాట పట్టుకుని అప్పు కోసం బయల్దేరకండి. పాత బండ్లు హీటెక్కడానికి చాలాసార్లు కారణం చిన్నదే ఉంటుంది. అయితే దాన్ని పట్టించుకోకుండా అలాగే తోలితే హెడ్ వంగిపోతుంది, పిస్టన్లు పట్టేస్తాయి. అప్పుడు డబ్బుకు డబ్బూ పోతుంది, అదునూ దాటిపోతుంది.

ఆవిరి కక్కినప్పుడు

ముందు బండి మీద బరువు తీసేయండి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, రెండు మూడు నిమిషాలు ఇంజనును నెమ్మదిగా తిరగనివ్వండి. లోపల నీరు తిరుగుతూ వేడిని కొంత లాగేస్తుంది. ఫ్యాన్ బెల్టు తెగినా, నీళ్లన్నీ కారిపోయినా మాత్రం వెంటనే ఆపేయాలి.

వేడిమీద రేడియేటర్ మూత ఎట్టి పరిస్థితుల్లోనూ తీయకూడదు. మూత బిగించి ఉన్నంతసేపూ లోపల ఒత్తిడి ఉంటుంది. ఆ ఒత్తిడిలో నీరు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత వదులు కాగానే ఒక్కసారిగా మరిగి మొహంమీదికి చిమ్ముతుంది. కనీసం అరగంట ఆగండి. పై హోస్ పైపును చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాక, మూతమీద తడి గోనెసంచి మడిచి వేసి, మొదటి మెట్టు వరకే తిప్పండి. ఆవిరంతా పోయాకే తీయండి.

కాలిన ఇంజనులో చన్నీళ్లు గుమ్మరిస్తే హెడ్డు గానీ బ్లాకు గానీ పగలొచ్చు. చల్లారాక, ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగా కొద్దికొద్దిగా పోయాలి.

చవకైన వాటితో మొదలుపెట్టండి

నీరు: రోజూ తగ్గుతోందంటే ఎక్కడో కారుతోందన్నమాట. హోస్ పైపుల క్లిప్పులు, రేడియేటర్ అడుగుభాగం, వాటర్ పంపు కిందనున్న చిన్న రంధ్రం చూడండి. ఆ రంధ్రం నుంచి నీళ్లు కారుతుంటే పంపు సీలు పోయినట్లే.

రేడియేటర్ జాలి: నూర్పిళ్లప్పుడు గడ్డి, పొట్టు, దమ్ములప్పుడు బురద జాలిలో ఇరుక్కుంటాయి. గాలి ఆడకపోతే నీరు చల్లబడదు. ఇంజను చల్లారాక, ఫ్యాను వైపు నుంచి ముందుకు వచ్చేలా సన్నటి ధారతో కడగండి. స్క్రూడ్రైవరుతో గీకితే రెక్కలు వంగిపోతాయి.

ఫ్యాన్ బెల్టు: ఇంజను ఆపి, రెండు పుల్లీల మధ్య బొటనవేలితో నొక్కండి. సుమారు అరంగుళం లోపలికి పోవాలి. అంతకంటే వదులుగా ఉన్నా, ఆయిలు అంటినా బెల్టు జారి, ఫ్యానూ పంపూ నెమ్మదిస్తాయి.

కింది హోస్: పైపు మెత్తబడితే రేసు ఇచ్చినప్పుడు లోపలికి అణిగిపోయి నీటి దారి మూసుకుంటుంది. రేసు ఇచ్చి దూరంనుంచే చూడండి. అణిగితే మార్చేయండి.

మూత: రబ్బరు వాసరు చితికితే ఒత్తిడి నిలవదు, నీరు తొందరగా మరుగుతుంది. పాత గుడ్డ చుట్టి బిగించడం పరిష్కారం కాదు. మీ బండికి సరిపోయే మూతే వేయాలి.

థర్మోస్టాట్: ఇంజను బాగా వేడెక్కినా పై హోస్ చల్లగానే ఉంటే ఇది మూసుకుపోయి ఉండొచ్చు. విప్పించి, దారం కట్టి గిన్నెడు నీళ్లలో వేలాడదీసి కాచండి. నీరు మరిగేలోగా తెరుచుకోవాలి. తెరుచుకోకపోతే కొత్తది వేయించండి. "తీసి పారేస్తే పోలా" అన్నా వినొద్దు. అది లేకపోతే ఇంజను తగిన వేడికి రాక డీజిలు ఎక్కువ తాగుతుంది, లోపలి భాగాలు త్వరగా అరుగుతాయి. కొన్ని ఇంజన్లలోనైతే నీరు రేడియేటరుకు పోకుండా అడ్డదారిలో తిరిగి, హీటు ఇంకా పెరుగుతుంది.

బోరు నీళ్లతో జాగ్రత్త

సున్నం ఎక్కువున్న బోరు నీళ్లు ఏళ్ల తరబడి పోస్తే, టీ కాచే గిన్నెకు పట్టినట్లే రేడియేటర్ గొట్టాల్లో తెల్లటి పొర కడుతుంది. బయట ఎంత కడిగినా హీటు తగ్గకపోతే లోపల శుభ్రం చేయించాలి. ఆ తర్వాత వడగట్టిన వాననీరు లేదా డిస్టిల్డ్ వాటర్ వాడండి. సగం నీరు, సగం కూలెంట్ కలిపి పోస్తే తుప్పు కూడా పట్టదు. కూలెంట్ విషం. పిల్లలకు, పశువులకు అందకుండా ఉంచాలి. పాత నీళ్లను కాలువలో వదలొద్దు.

ఎప్పుడు విప్పించాలి?

డిప్ స్టిక్ తీస్తే ఇంజనాయిలు పాలు కలిసిన టీలా ఉన్నా, బండి నడుస్తుండగా రేడియేటర్‌లో ఆగకుండా బుడగలు వస్తున్నా, ఇంజను వేడెక్కాక కూడా సైలెన్సర్ తెల్లటి పొగ వదులుతున్నా హెడ్ గాస్కెట్ పోయిందని అనుమానించాలి. ఇక స్టార్టు చేయకుండా మెకానిక్‌ను పిలవండి. ఖర్చు పెట్టాల్సింది అప్పుడే.

రేడియేటర్ లేని, గాలితో చల్లబడే ఇంజనైతే సిలిండర్ల చుట్టూ ఉన్న రెక్కల్లో పట్టిన దుమ్ము, నూనె జిడ్డు తీసి, బెల్టు చూసుకుంటే చాలావరకు సరిపోతుంది.

రోజూ పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు నీరు, బెల్టు, జాలి చూసుకోండి. హీటు గేజి పనిచేయకపోతే ముందు అది బాగుచేయించండి. ముల్లు పైకి ఎక్కడం ముందే కనబడితే ఆవిరి కక్కేదాకా రాదు.