పన్నెండు నిమిషాల తర్వాత

మన అమెరికా తెలుగు ఇళ్లలో పిల్లాడు ఏడో తరగతిలోనే ఆల్జీబ్రా తీసుకున్నాడంటే, ఆ సంగతి వారాంతం పార్టీలో అందరికీ తెలిసిపోతుంది. "మావాడికి లెక్కలు తాతగారి పోలిక" అనేస్తాం. మెప్పే గానీ, అందులో ఒక చిక్కుంది. పోలికగా వచ్చిన విద్య ఓ రోజు మొరాయిస్తే ఇక తను చెయ్యగలిగేదేమీ లేదని పిల్లాడు అనుకుంటాడు.

గణిత బోధన మీద పరిశోధించిన బర్కిలీ ఆచార్యుడు అలన్ షోన్‌ఫెల్డ్ 1980ల్లో హైస్కూలు విద్యార్థులను రెండు ప్రశ్నలడిగాడు. హోంవర్కులో ఒక్కో లెక్కకు ఎంతసేపు పట్టాలి? సగటున రెండు నిమిషాల పైచిలుకు అన్నారు. ఎంతసేపు తంటాలు పడ్డాక వదిలెయ్యాలి? దాదాపు 12 నిమిషాలు. వాళ్లేమీ సోమరులు కారు. ఏళ్ల తరబడి ఒకే మూస లెక్కలు చేయించిన బడి నేర్పిన నమ్మకమది. ఇరవయ్యో నిమిషంలో దారి దొరికే లెక్క వాళ్లకు ఎప్పటికీ తేలదు.

మనం మాత్రం తక్కువ తిన్నామా? ఎంసెట్‌లో మూడు గంటల్లో 160 ప్రశ్నలు దంచి వచ్చినవాళ్లం. వేగమే తెలివన్నది ఒంట్లో ఇంకిపోయింది.

ఇంతకీ లెక్కల్లో ఎదుగుదలను ఆ తెలివే తేలుస్తుందా? జర్మనీలోని బవేరియాలో సుమారు 3,500 మంది పిల్లలను ఐదో తరగతి నుంచి పదో తరగతి దాకా గమనించిన పరిశోధకుడు కో మురయామా బృందం 2013లో ఫలితాలు ప్రచురించింది. మొదట్లో లెక్కల్లో ఎవరెక్కడ ఉన్నారన్నది తెలివి పరీక్షతో బాగానే సరిపోయింది. తర్వాత ఎవరు ఎంత ఎదిగారన్నది మాత్రం దాంతో తేలలేదు. ప్రయత్నిస్తే వస్తుందన్న ధీమా, లెక్కల మీద ఇష్టం, కొత్త పాఠాన్ని తెలిసినదానికి ముడిపెట్టుకునే అలవాటు ఉన్నవాళ్లు ముందుకెళ్లారు.

అలాగని "నువ్వు చెయ్యగలవు" అని గోడకు పోస్టరు అంటిస్తే పనైపోదు. తెలివి పెంచుకోవచ్చని చెప్పే గంటలోపు ఆన్‌లైన్ పాఠాన్ని అమెరికాలో సుమారు 12 వేల మంది తొమ్మిదో తరగతి పిల్లలతో పరీక్షించారు. 2019లో వచ్చిన ఫలితం ప్రకారం, వెనకబడినవాళ్ల సగటు గ్రేడు నాలుగు పాయింట్లకు 0.1 పెరిగింది. ఖర్చు చూస్తే లాభమే, అద్భుతమైతే కాదు.

స్వయంగా సాధించిన అనుభవమే ధీమాకు అసలు ఆధారమని మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లోనే చెప్పాడు. పిల్లాడు తడబడగానే నాన్న పెన్సిల్ లాక్కుని రెండు నిమిషాల్లో తేల్చేస్తే, హోంవర్కు పూర్తవుతుంది. సాధించిన అనుభవం నాన్న ఖాతాలో పడుతుంది.