యాప్ బ్లాక్ అయినా మెసేజ్ వెళ్తుంది.. ఈ ‘చుట్టుదారి’ ఎలా పనిచేస్తుందో తెలుసా?

ఫోన్‌లో నెట్ ఉంది. వేరే సైట్లు ఓపెన్ అవుతున్నాయి. కానీ మెసేజింగ్ యాప్ మాత్రం కనెక్ట్ అవ్వట్లేదు. 2021 జనవరిలో ఇరాన్‌లో సిగ్నల్ యాప్ వాడేవాళ్లకు ఎదురైన పరిస్థితి ఇదే. అక్కడ ఆ యాప్‌ను బ్లాక్ చేశారు. దీంతో సిగ్నల్ ఓ చుట్టుదారి చూపించింది. దేశం బయట ఉన్నవాళ్లు ఎవరైనా ఓ చిన్న సర్వర్ పెట్టి, లోపల ఉన్నవాళ్లకు దారి ఇవ్వొచ్చని ఫిబ్రవరిలో ప్రకటించింది. అదే టీఎల్‌ఎస్ ప్రాక్సీ.

అసలు బ్లాక్ ఎలా చేస్తారు?

సీల్ వేసిన కవర్ పోస్ట్‌లో వేశామనుకోండి. లోపల ఏముందో పోస్ట్‌మ్యాన్‌కు తెలియదు. కానీ పైన అడ్రస్ కనిపిస్తుంది కదా.. అది చూసి ఆపేయొచ్చు. యాప్‌ల విషయంలోనూ అంతే. మెసేజ్ చదవలేకపోయినా, అది ఏ సర్వర్‌కు వెళ్తోందో చూసి నెట్ కంపెనీ ఆపేస్తుంది.

ప్రాక్సీ చేసేదేంటంటే.. ఆ కవర్‌ను మరో కవర్‌లో పెట్టి, పైన వేరే అడ్రస్ రాయడం. చూసేవాళ్లకు మామూలు వెబ్‌సైట్ ఓపెన్ చేసినట్టే ఉంటుంది. ప్రాక్సీ పై కవర్ మాత్రమే తీసి, లోపలి కవర్‌ను అలాగే సిగ్నల్ సర్వర్‌కు చేరవేస్తుంది.

సెటప్‌కు ఏం కావాలి?

* బ్లాక్ లేని దేశంలో ఓ లినక్స్ సర్వర్. నెల అద్దెకు దొరికే చిన్నది చాలు.
* ఓ డొమైన్ పేరు. అది ఆ సర్వర్ ఐపీ అడ్రస్‌ను చూపించాలి.
* 80, 443 పోర్టులు ఖాళీగా, ఓపెన్‌గా ఉండాలి. బ్యాంకు, షాపింగ్ సైట్లన్నీ నడిచేది 443 మీదే. అందుకే దాన్ని మొత్తంగా మూసేయడం కష్టం.
* సర్వర్‌లో డాకర్ ఇన్‌స్టాల్ చేసి, గిట్‌హబ్‌లో సిగ్నల్ పెట్టిన కోడ్ దించుకోవాలి. ఒక కమాండ్‌తో లెట్స్ ఎన్‌క్రిప్ట్ నుంచి ఫ్రీగా సర్టిఫికెట్ వస్తుంది. ఇంకో కమాండ్‌తో ప్రాక్సీ ఆన్ అవుతుంది.

వాడేవాళ్లు సిగ్నల్ సెట్టింగ్స్‌లో ‘డేటా అండ్ స్టోరేజ్’లోకి వెళ్లి ఆ డొమైన్ పేరు ఇస్తే సరిపోతుంది. వాట్సాప్ కూడా 2023 జనవరిలో ఇలాంటి ప్రాక్సీ సౌకర్యం తెచ్చింది. అందులో ‘స్టోరేజ్ అండ్ డేటా’లో ‘ప్రాక్సీ’ అని ఉంటుంది.

మన మెసేజ్‌లు వాళ్లు చదువుతారా?

చదవలేరు. లోపలి కవర్ తాళం ప్రాక్సీ దగ్గర ఉండదు. అయితే ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. మీ ఐపీ అడ్రస్ మాత్రం ప్రాక్సీ నడిపేవాళ్లకు తెలుస్తుంది. అంటే మీరేం రాశారో తెలియకపోయినా, ఏ కనెక్షన్ నుంచి వచ్చారో తెలుస్తుంది. బ్లాక్ ఉన్న చోట ఇది చిన్న విషయం కాదు. అందుకే గ్రూపుల్లో ఎవరో ఫార్వర్డ్ చేసిన ప్రాక్సీ అడ్రస్ కంటే, నమ్మకమైన మనిషి ఇచ్చిందే వాడాలి. స్థానిక చట్టాలేం చెబుతున్నాయో కూడా ముందే చూసుకోవాలి.

ప్రాక్సీ పెట్టేవాళ్లకూ ఓ జాగ్రత్త. అడ్రస్‌ను సోషల్ మీడియాలో అందరికీ కనిపించేలా పెడితే, బ్లాక్ చేసేవాళ్లూ చూస్తారు. ఆ అడ్రస్‌నూ మూసేస్తారు. తెలిసినవాళ్లకు విడిగా పంపితేనే ఎక్కువ రోజులు నిలుస్తుంది.

ఇది ఎక్కడ పనిచేయదు?

నెట్ మొత్తం ఆపేస్తే ఏ ప్రాక్సీ అయినా పనిచేయదు. 2023 మేలో మణిపూర్‌లో అల్లర్ల సమయంలో జరిగింది అదే. అక్కడ ఒక యాప్‌ను కాదు.. మొబైల్ ఇంటర్నెట్‌నే ఆపేశారు. ఒక రోడ్డు మూస్తే చుట్టుదారి వెతుక్కోవచ్చు. రోడ్లన్నీ మూసేస్తే చుట్టుదారి ఎక్కడిది?