శస్త్రవైద్యుని కంటబడిన ప్రేవుతిత్తి

మధుర నుండి దిండుగల్లునకు బోవు త్రోవలోని వాడిపట్టివంటి యూళ్లలో, నాయకరాజుల కాలమున దక్షిణమునకు వలసవచ్చిన తెలుగువారి సంతతి నేటికిని ఇంట తెలుగే మాటాడుచున్నది. అట్టి యింటి బాలునకు అపెండిక్సు వాచి, మధుర పెద్దాసుపత్రిలో ఆపరేషను జరుగుచున్నదనుకొందము. వాచినదానిని కోసి తీసిన పిమ్మట, వైద్యుడు చిన్నప్రేవు తుదిభాగమును కొంచెము కొంచెముగా వ్రేళ్లనడుమ జరపుచు పరీక్షించునపుడు, రక్తనాళములు వచ్చి చేరు వైపునకు ఎదుటి యంచున, వాపుగాని చిల్లిగాని లేని రెండంగుళముల తిత్తి యొకటి కనబడవచ్చును.

దీనికి మెకెల్ తిత్తి యని పేరు. 1598లోనే ఫాబ్రీషియస్ హిల్డానస్ దీనిని గుర్తించినను, దీని పుట్టుకను 1809లో వివరించినవాడు జర్మను శరీరశాస్త్రజ్ఞుడు యోహాన్ ఫ్రీడ్రిఖ్ మెకెల్. గర్భస్థపిండమున పచ్చసొన సంచికిని ప్రేవునకును నడుమనుండు నాళము తొలి వారములలోనే మూసికొని మాయమగును. మొదలుమాత్రము మిగిలినచో తిత్తియగును. నూటికి సుమారు ఇద్దరియందు ఇది యుండును. పెక్కురు దాని యునికినే యెరుగక జీవితము గడపుదురు. అయితే కొందరి తిత్తిలో జీర్ణాశయపు పొర యుండి ఆమ్లము ఊరుటచే, ప్రక్కప్రేవున పుండుపడి రక్తము స్రవించును.

వృద్ధులయందు కనబడు తిత్తులు వేరు. రక్తనాళములు ప్రేవుకండరమును దూరుచోట్ల లోపొర వెలికుబికి ఇవి పలుసంఖ్యలో నేర్పడును. బాధ లేనిచో వీనిని ముట్టరు.

మెకెల్ తిత్తి విషయమున మాత్రము వైద్యులలో వాదము తీరలేదు. 1,476 మంది రోగుల వృత్తాంతములను పరిశీలించిన మేయో క్లినిక్ వైద్యులు 2005లో, ఏబది యేండ్లలోపు వయస్సు, పురుషుడగుట, రెండు సెంటీమీటర్లకు మించిన పొడవు, తిత్తిలో అసహజకణజాలము అను నాలుగింటిలో ఏదియున్నను తీయుట మేలనిరి. 2008 నాటి మరియొక సమీక్షలోనైతే, తీసినవారిలో 5.3 శాతమునకును, విడిచినవారిలో 1.3 శాతమునకును శస్త్రానంతర చిక్కులు కలిగినట్లు తేలెను. కాబట్టి తిత్తి కనబడుటయే కోతకు కారణము గాదు; వయస్సును, తిత్తి రూపమును, రోగి బలాబలములను తూచి వైద్యుడు నిర్ణయింపవలెను.

ఇంటివారు చేయదగినది ఒకటి కలదు: తిత్తిని తీసిరో, విడిచిరో డిశ్చార్జి కాగితమున వ్రాయించుకొని భద్రపరుపవలెను. ఏండ్లు గడచిన పిమ్మట మలమున రక్తము పడినను, వాంతులతో కడుపుబ్బినను, ఆ కాగితము క్రొత్త వైద్యునకు తొలినాడే దారి చూపును.